పాత కారుకు మరో కార్బురేటర్: చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఏది ఎంచుకోవాలి?

పాత కారును నడిచే స్థితిలో ఉంచుకోవాలనుకునే ప్రతి ఒక్కరికీ ఏదో ఒకనాడు, గాలీ పెట్రోలూ కలిపి ఇంజిన్‌కు అందించే కార్బురేటర్‌తో సమస్య ఎదురవుతుంది. పొద్దున్నే స్టార్ట్ కావడానికి బండి మొరాయిస్తుంది, స్లోలో నిలబడదు, యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్క క్షణం తటపటాయించి ఆ తర్వాత గానీ కదలదు, పెట్రోలు వాసన లోపలికి కొడుతుంది. అప్పుడు చేతిలో ఉన్న డబ్బు లెక్క చూసుకుని, ఏ కార్బురేటర్ చవకగా దొరుకుతుందా అని వెతకడం మొదలుపెడతాం. కానీ కార్బురేటర్‌కు రెండు ధరలుంటాయి. ఒకటి అమ్మేవాడు చెప్పేది. రెండోది దాన్ని ఇంజిన్ మీద బిగించి, బండి సాఫీగా నడిచేదాకా మన జేబులోంచి పోయేది. బడ్జెట్ బిగువుగా ఉన్నవాళ్లు మొదటి ధరను పక్కన పెట్టి రెండోదాన్ని చూసి నిర్ణయించుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

అన్నిటికంటే ముందు తప్పు నిజంగా కార్బురేటర్‌దేనా అన్నది తేల్చుకోవాలి. కార్బురేటర్ జబ్బుల్లో చాలా మటుకు కరెంటు జబ్బులేనని పాత మెకానిక్కులు నవ్వుతూ అంటుంటారు, ఆ మాటలో నిజముంది. అరిగిన పాయింట్లు, బలహీనపడిన కండెన్సర్, తప్పిన ఇగ్నిషన్ టైమింగ్, పొర చిరిగిపోయిన వాక్యూమ్ అడ్వాన్స్ డబ్బా, ఇవన్నీ బయటికి అచ్చం కార్బురేటర్ లోపంలాగే కనిపిస్తాయి. టాపెట్ల సందు, నాలుగు సిలిండర్ల కంప్రెషన్, ప్లగ్గుల రంగు చూసి, అవి సరిగ్గా ఉన్నాయనుకున్నాకే కార్బురేటర్ వైపు తిరగాలి. కార్బురేటర్ నుంచి సిలిండర్లకు దారి ఇచ్చే మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర ఇంజిన్ గాలి లాగుతున్నా స్లో నిలబడదు. ఇంజిన్ స్లోలో నడుస్తుండగా ఆ అతుకుల మీద సీసాతో నీళ్లు సన్నటి తుంపరగా చల్లితే, లీకు ఉన్న చోట ఇంజిన్ శబ్దం మారుతుంది. దీనికి కార్బురేటర్ క్లీనర్ స్ప్రే వాడేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, వేడెక్కిన ఎగ్జాస్ట్ పక్కన మండే ద్రవం చల్లడం నాకు సమ్మతం కాదు.

ఇక కార్బురేటర్‌నే పరీక్షించేటప్పుడు మొదట చెయ్యి పెట్టవలసిన చోటు థ్రాటిల్ షాఫ్ట్, అంటే గాలి దారిని తెరిచి మూసే రేకును తిప్పే కడ్డీ. ఎయిర్ ఫిల్టర్ తీసి, ఇంజిన్ ఆగి ఉండగా, షాఫ్ట్ కొసను రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ కదిపి చూడాలి. తిరగడం తప్ప వేరే కదలిక చేతికి తెలియకూడదు. టిక్ టిక్‌మని ఆడుతుంటే, షాఫ్టో, అది కూర్చునే రంధ్రమో, రెండూనో అరిగాయన్నమాట. ఆ సందులోంచి కొలత లేని గాలి లోపలికి పోతుంది. స్లో స్క్రూ ఎంత తిప్పినా ఇంజిన్ ఒకరోజు ఉన్నట్టు మరోరోజు ఉండకపోవడానికి ఇదే మామూలు కారణం. గాస్కెట్లు, ఫ్లోట్ నీడిల్ మాత్రమే ఉండే రిపేర్ కిట్ ఈ జబ్బును నయం చేయలేదు. రంధ్రాన్ని రీమరుతో సాపు చేసి కంచు బుష్షులు వేయాలి. చేయి తిరిగిన లేత్ పనివాడు ఉంటే ఇది పెద్ద పనేమీ కాదు. షాఫ్ట్ బిగువుగా ఉండి, లోపల మడ్డి మాత్రమే పేరుకుని ఉంటే, కొత్త కార్బురేటర్ కొనవలసిన అవసరమే లేదు. విప్పి, కడిగి, కిట్ వేసి, ఫ్లోట్ (గిన్నెలో పెట్రోలు మీద తేలుతూ దాని మట్టాన్ని నిలిపేది) లెవెల్ సరిచేస్తే అది ఇంకో పదేళ్లు నడిచే అవకాశం ఉంది. కడిగేటప్పుడు జెట్లలో, అంటే పెట్రోలు కొలతగా పోయే సన్నటి రంధ్రాల ఇత్తడి ముక్కల్లో, ఇనుప తీగ దూర్చకూడదు. ఇత్తడి మెత్తటిది, ఒక్క గీత పడినా జెట్ కొలత మారిపోతుంది.

ఎస్‌యూ కార్బురేటర్ ఉన్న బ్రిటిష్ కార్లవాళ్లయితే ఇంకా అదృష్టవంతులు. అందులో కదిలే భాగాలే తక్కువ. పిస్టన్ కదలికను నిదానం చేసే డాంపర్ తీసేసి, లోపలి పిస్టన్‌ను వేలితో పైకెత్తి వదిలితే అది ఎక్కడా పట్టుకోకుండా జారి, అడుగున టక్కున లోహం తగిలిన శబ్దం రావాలి. శబ్దం రాకపోతే పిస్టన్‌కు ఉన్న నీడిల్ జెట్‌కు రాసుకుంటోందని అర్థం. జెట్‌ను వదులు చేసి మళ్లీ మధ్యకు తేవాలి. షాఫ్ట్, బుష్షులు, జెట్, నీడిల్ అన్నీ ఇప్పటికీ విడివిడిగా కొత్తవి దొరుకుతాయి కాబట్టి ఎస్‌యూను తీసి అవతల పారేసి వేరే రకం కొనడం నా దృష్టిలో డబ్బు దండగ. పైగా అది వెంచురీ (గాలి పోయే సన్నటి గొంతు) పరిమాణాన్ని తనంతట తానే ఇంజిన్ అవసరాన్ని బట్టి మార్చుకునే రకం; సైజు విషయంలో కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది. దాని పేర్లలో ఒక చిన్న సౌకర్యం కూడా ఉంది. హెచ్ఎస్2, హెచ్ఎస్4, హెచ్ఎస్6 అన్న పేర్లలోని అంకె, ఒక అంగుళం పైన ఎన్ని ఎనిమిదో వంతులో చెబుతుంది. అంటే హెచ్ఎస్2 నోరు అంగుళంపావు, హెచ్ఎస్4 అంగుళంన్నర, హెచ్ఎస్6 ఒకటిముప్పావు.

బాగుచేయలేనంతగా పాడైతే, అంటే బాడీ పగిలినా, స్క్రూ మరలు పూర్తిగా పోయినా, లోపలి దారులను తుప్పు తినేసినా, అప్పుడు మార్చక తప్పదు. ఆ పరిస్థితిలో నేను మొదట వెతికేది అదే మోడల్‌ను. కంపెనీ అమర్చిన కార్బురేటర్‌కు సరిపోయే మానిఫోల్డ్, లింకేజీ, చోక్ కేబుల్, ఎయిర్ ఫిల్టర్, పెట్రోలు పైపు అన్నీ బండిలో ఇప్పటికే ఉన్నాయి. జెట్లు కూడా ఆ ఇంజిన్ కోసమే కంపెనీ ఇంజినీర్లు నెలల తరబడి పరీక్షించి పెట్టినవి. వేరే రకం తెచ్చామంటే ఆ పనంతా మళ్లీ మనమే చేయాలి, లేదా చేయించాలి.

అదే మోడల్ దొరికే దారులు ప్రధానంగా రెండు. రీకండిషన్ చేసి, మన పాతది తీసుకుని మార్పిడిగా ఇచ్చేవి ఒక రకం. వీటిలో చిక్కేమిటంటే, నాలుగు కార్బురేటర్ల భాగాలు ఏరి ఒకటిగా కట్టినవి ఉంటాయి. పై మూత ఒక ఏడాదిది, అడుగు భాగం మరో ఇంజిన్‌ది కావచ్చు. కాబట్టి బాడీ మీద అచ్చుపోసిన నంబరు, రేకు ముక్క మీది నంబరు మన బండికి చెందినవేనా అని ముందే అడిగి తెలుసుకోవాలి. మన కార్బురేటర్‌నే బాగుచేసి మనకే తిరిగి ఇచ్చే పనివాడు దొరికితే, కొంచెం ఆలస్యమైనా నేను అతనికే ఓటు వేస్తాను. రెండో దారి, వాడిన కార్బురేటర్ కొనడం. ఇది అన్నిటికంటే చవక, అన్నిటికంటే జూదం కూడా. చేతిలోకి తీసుకుని షాఫ్ట్ ఆట చూడటం, మానిఫోల్డ్ మీద కూర్చునే అడుగు తలాన్ని గాజు పలక మీద పెట్టి వంకర ఉందేమో గమనించడం, ఫ్లోట్ గిన్నె మూత తీసి లోపల తెల్లటి పొడి లాంటి తుప్పు ఉందేమో చూడటం, ఈ మూడూ చేయనివ్వని అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మంచిది. అడుగు తలం కాస్త వంగి ఉంటే భయపడనక్కర్లేదు, గాజు పలక మీద సన్నటి ఎమరీ కాగితం పరచి రుద్దితే సాపవుతుంది. లోపలి తుప్పు మాత్రం అలా వదిలేది కాదు.

అసలు మోడల్ ఏ రూపంలోనూ దొరకనప్పుడు ప్రత్యామ్నాయాల సంగతి వస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్లకు ఎక్కువమంది చేరేది వెబర్ 32/36 దగ్గరికి. ఇందులో రెండు గొట్టాలుంటాయి, ఒకటి 32 మిల్లీమీటర్లు, రెండోది 36. మామూలుగా నడిపేటప్పుడు మొదటిది ఒక్కటే తెరుచుకుంటుంది, పెడల్ లోతుగా తొక్కితే రెండోది కలుస్తుంది. అందుకే ఊళ్లో పెట్రోలు మరీ తాగదు, రోడ్డు ఎక్కితే ఊపిరి ఆడుతుంది. ఫోర్డ్ రెండు లీటర్ల పింటో ఇంజిన్‌కు కంపెనీయే దీన్ని అమర్చింది కాబట్టి, ఆ పరిమాణం చుట్టుపక్కల ఉన్న ఇంజిన్లకు దీన్ని సర్దడం కష్టం కాదు. పేరు చివర ఉండే అక్షరాలు కూడా చూసుకోవాలి. డీజీవీ అంటే చేత్తో లాగే చోక్, డీజీఏవీ అంటే ఇంజిన్ నీటి వేడితో పనిచేసే చోక్, డీజీఈవీ అంటే కరెంటు చోక్. కరెంటు చోక్‌కు ఇగ్నిషన్ స్విచ్ నుంచి నేరుగా 12 వోల్టులు ఇవ్వాలి. దగ్గరగా ఉందని కాయిల్ నుంచి తీగ లాగితే, రెసిస్టర్ ఉన్న బండ్లలో చోక్‌కు చాలినంత వేడి అందదు, స్పార్కు కూడా నీరసిస్తుంది.

ఇదే వెబర్‌వాళ్ల, గాలిని పక్కనుంచి పీల్చే కార్బురేటర్లు, జంట 40 డీసీఓఈలు, ఉన్నాయి. వాటి శబ్దం వింటే ఎవరికైనా మనసు లాగుతుంది, నాకూ లాగుతుంది. కానీ ఒక్కో గొట్టం ఒక్కో సిలిండర్‌కు పనిచేసే ఆ అమరికకు ప్రత్యేక మానిఫోల్డ్ కావాలి, లింకేజీ కావాలి, వెంచురీలు, ఎమల్షన్ ట్యూబులు, మెయిన్ జెట్లు అన్నీ ఇంజిన్‌కు తగ్గట్టు విడిగా కొనాలి, పైగా రెండిటినీ సమానంగా పీల్చేలా జతకట్టాలి. తక్కువ బడ్జెట్ అన్న మాట అనుకున్నవాళ్లు వాటి పేజీ తెరవకపోవడమే క్షేమం.

సైజు విషయం మీద ఎక్కువసేపు నిలవాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. పెద్ద కార్బురేటర్ వేస్తే బలం పెరుగుతుందన్న నమ్మకం ఎంత చెప్పినా పోదు. కార్బురేటర్ పనిచేసేది గాలి వేగం మీద. సన్నబడిన గొంతులోంచి గాలి వేగంగా పోతుంటే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది, ఆ తగ్గుదలే జెట్‌లోంచి పెట్రోలును పైకి లాగి సన్నటి తుంపర చేస్తుంది. గొంతు అవసరానికి మించి వెడల్పైతే తక్కువ వేగాల్లో గాలి మందగిస్తుంది, పెట్రోలు తుంపరగా కాక చుక్కలుగా పడుతుంది, బండికి పికప్ పోతుంది.

ఎంత గాలి కావాలో లెక్కకట్టడం సులువే. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకొకసారి తన పూర్తి ఘనపరిమాణం మేరకు గాలి పీలుస్తుంది. రెండు లీటర్ల ఇంజిన్ నిమిషానికి 5500 చుట్లు తిరిగితే, సిద్ధాంతం ప్రకారం 5500 లీటర్ల గాలి. మామూలు రోడ్డు ఇంజిన్ అందులో 85 శాతం దాకా మాత్రమే నిజంగా నింపుకుంటుందనుకుంటే 4675 లీటర్లు. ఒక ఘనపు అడుగు అంటే దాదాపు 28.3 లీటర్లు కాబట్టి, అమెరికన్ కార్బురేటర్ల మీద రాసే సీఎఫ్ఎం (నిమిషానికి ఎన్ని ఘనపు అడుగులు) లెక్కలో ఇది 165. అదే లెక్కను 350 ఘనపు అంగుళాల, అంటే 5.7 లీటర్ల, వీ8కు 5000 చుట్ల దగ్గర వేస్తే 430 వస్తుంది. కాబట్టి అలాంటి బండికి ఎడెల్‌బ్రాక్ కంపెనీ 500 సీఎఫ్ఎం రకం బాగా సరిపోతుంది, 600 కూడా ఇబ్బంది పెట్టదు, 750 మాత్రం రోజువారీ వాడకానికి అక్కరలేని బరువు. హోలీ కంపెనీది తీసుకునేటట్లయితే వెనక గొట్టాలు వాక్యూమ్‌తో తెరుచుకునే రకం మేలు. ఇంజిన్ అడిగినప్పుడే అవి తెరుచుకుంటాయి కాబట్టి సైజు కొంచెం ఎక్కువైనా ఆ తప్పును కప్పిపుచ్చుతాయి.

ఈ సంఖ్యల్లో ఒక మెలిక ఉంది. నాలుగు గొట్టాల కార్బురేటర్లను పాదరసం 1.5 అంగుళాల ఒత్తిడి తేడా దగ్గర కొలుస్తారు, రెండు గొట్టాల వాటిని 3 అంగుళాల దగ్గర. అందువల్ల రెండు గొట్టాల దాని మీద 500 అని రాసి ఉంటే, దాన్ని 1.41తో భాగించాక వచ్చే సుమారు 354 సంఖ్యనే నాలుగు గొట్టాల వాటితో పోల్చి చూడాలి.

సైజు కుదిరాక, దానికి తగులుకుని వచ్చే ఖర్చులు మొదలవుతాయి. మానిఫోల్డ్ మీది బోల్టుల దూరం కలవకపోతే అడాప్టర్ ప్లేటు కావాలి. ప్లేటు వేస్తే ఎత్తు పెరిగి ఎయిర్ ఫిల్టర్ బానెట్‌కు తగలవచ్చు, ఒక గాస్కెట్ ఉండవలసిన చోట రెండై గాలి లాగే అవకాశమూ పెరుగుతుంది. అమెరికన్ బండ్లలో నాలుగు గొట్టాలూ ఒకే సైజులో ఉండే స్క్వేర్ బోర్ రకం, ముందువి చిన్నవీ వెనకవి పెద్దవీ అయిన స్ప్రెడ్ బోర్ రకం అని రెండున్నాయి. 1965 నుంచి వచ్చిన రోచెస్టర్ క్వాడ్రాజెట్ రెండో రకం. దాని చోట మొదటి రకం పెట్టాలంటే ప్లేటు తప్పదు. డిస్ట్రిబ్యూటర్‌కు వాక్యూమ్ అందించే ముక్కు కొత్త దానిలో ఉందా, అది థ్రాటిల్ రేకుకు పైన ఉందా కింద ఉందా అన్నది కూడా చూడాలి. ఆటోమేటిక్ గేర్ బండి అయితే, పెడల్ లోతుగా తొక్కినప్పుడు గేరు తగ్గించే కిక్‌డౌన్ లింకు ఎక్కడ తగిలించాలో కొనకముందే తెలియాలి. జనరల్ మోటార్స్ 700ఆర్4 లాంటి గేర్‌బాక్సుల్లో కార్బురేటర్ నుంచి వచ్చే కేబులే లోపలి నూనె ఒత్తిడిని నిర్ణయిస్తుంది. ఆ కేబుల్ లాగే కోణం, దూరం సరిగ్గా లేకుండా నడిపితే గేర్‌బాక్సులోని క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి. చవక కార్బురేటర్ కోసం గేర్‌బాక్సు విప్పించుకోవడం ఎవరికీ గిట్టుబాటయ్యే వ్యవహారం కాదు.

పెట్రోలు పంపు ఒత్తిడి మరో సంగతి. వెబర్లు, ఎస్‌యూలు 3 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) చుట్టుపక్కల ఒత్తిడితో సుఖంగా ఉంటాయి, హోలీకి 5 నుంచి 7 దాకా కావాలి. బలమైన పంపు ఉన్న బండికి వెబర్ పెడితే ఫ్లోట్ నీడిల్ ఆ తోపుడుకు ఆగలేక పెట్రోలు పొంగిపోతుంది, ఆ పొంగు వేడి ఇంజిన్ మీదే పడుతుంది. గేజి పెట్టి కొలిచి, అవసరమైతే ప్రెషర్ రెగ్యులేటర్ వేయాలి. దాని ఖర్చూ కార్బురేటర్ ఖర్చు కిందే రాసుకోవాలి.

ఇప్పుడు నకళ్ల గురించి. వెబర్ పోలికతో, అసలు ధరలో చిన్న భాగానికే అమ్మే కార్బురేటర్లు విరివిగా దొరుకుతున్నాయి. అన్నీ పనికిరానివని నేను అనను. కానీ వాటిని పెట్టెలోంచి తీసి నేరుగా బిగించడం మాత్రం తగదు. థ్రాటిల్ పూర్తిగా మూసి దీపానికి ఎదురుగా పట్టుకుంటే, రేకు అంచు చుట్టూ వెలుతురు సన్నటి గీతలా సమానంగా కనబడాలి, లేదా అసలు కనబడకూడదు. ఒక పక్క నెలవంకలా వెలుగు కనిపిస్తే రేకు వంకరగా కూర్చుందన్నమాట. రెండు స్క్రూలు వదులు చేసి సర్దవచ్చు. పై మూత విప్పి చూస్తే మూలల్లో పోత ముక్కలు, రంధ్రాల్లో డ్రిల్లింగ్ పొట్టు ఉండటం మామూలే. గాలి కొట్టి ప్రతి దారీ శుభ్రం చేయాలి. వెబర్ జెట్ మీద 120 అని ఉంటే దాని రంధ్రం 1.20 మిల్లీమీటర్లు ఉండాలి, నకలులో ఆ అంకెను గుడ్డిగా నమ్మలేం, పిన్ గేజితో కొలిచి చూడటమే దారి. ఇంత చేసే ఓపికా పనిముట్లూ ఉంటే నకలు కొనవచ్చు. లేకపోతే ఆ డబ్బుకు కొంచెం చేర్చి అసలుదాన్ని వాడినదైనా కొనడం నయం.

ఇథనాల్ కలిసిన పెట్రోలు సంగతి ఏ దారి ఎంచుకున్నా తప్పదు. పాత కార్క్ గాస్కెట్లు, పాత రబ్బరు పైపులు దానికి తట్టుకోవు. బండి నెలల తరబడి కదలకుండా ఉంటే ఇథనాల్ తేమను పీల్చుకుని గిన్నె అడుగున తుప్పు తెస్తుంది. కాబట్టి రిపేర్ కిట్ కొనేటప్పుడు ఇథనాల్‌కు తట్టుకునే రకమేనా, నీడిల్ కొస వైటన్ అనే, పెట్రోలుకు తట్టుకునే రబ్బరుదేనా అని చూసుకుని, ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా పైపులు కూడా ఆ విడతలోనే మార్చేయాలి. స్పాంజి లాంటి ప్లాస్టిక్ ఫ్లోట్ ఉన్న బండ్లలో దాన్ని తూకం వేసి చూడాలి. పెట్రోలు పీల్చి బరువెక్కిన ఫ్లోట్‌తో లెవెల్ ఎన్నిసార్లు సరిచేసినా గిన్నె పొంగుతూనే ఉంటుంది. ఇత్తడి ఫ్లోట్‌ను చెవి దగ్గర ఆడించి చూడాలి, లోపల పెట్రోలు చప్పుడు వినబడితే సూది మొనంత రంధ్రం ఎక్కడో పడిందన్నమాట.

నా లెక్క ప్రకారం, చేతిలో ఉన్న మొత్తం డబ్బులో మూడో వంతును కార్బురేటర్ కొన్న తర్వాతి పనుల కోసం విడిగా పెట్టుకోవాలి. గాస్కెట్లు, పైపులు, ఫిల్టర్, ఒకటి రెండు జతల జెట్లు, కుదిరితే ఇంజిన్ వేడి కార్బురేటర్‌కు ఎక్కకుండా ఆపే బేకలైట్ స్పేసర్ అందులోనే రావాలి. ఎండలో బండి ఆపి పది నిమిషాల తర్వాత స్టార్ట్ చేస్తే మొరాయించే జబ్బు చాలాసార్లు ఆ స్పేసర్‌తోనే పోతుంది. ఎగ్జాస్ట్‌లో పెట్టి గాలీ పెట్రోలూ నిష్పత్తి చూపే వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఎవరి దగ్గరైనా అరువు దొరికితే జెట్ల ఎంపిక ఊహల మీద నడవదు. నిదానంగా ఒకే వేగంలో పోయేటప్పుడు గాలీ పెట్రోలూ 14.7కు 1 చుట్టుపక్కల, పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు 12.5 నుంచి 13 మధ్య ఉంటే సరిపోతుంది. ఒక్కోసారి ఒక్క జెట్ మాత్రమే మార్చి, ఏది తీసి ఏది వేశామో నోటుబుక్కులో రాసుకోవాలి. రెండు ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏమైందో తెలియదు.

బండి మీంచి తీసిన పాత కార్బురేటర్‌ను, దాని నంబరు రేకుతో, లింకేజీ ముక్కలతో సహా ఒక డబ్బాలో వేసి అటక మీద పెట్టండి. బుష్షులు వేసే పనివాడు ఎప్పుడైనా దొరకవచ్చు, బండి అమ్మవలసి వస్తే అసలు భాగం ఉందన్న మాటకు కొనేవాళ్ల దగ్గర విలువ ఉంటుంది, కొత్తదానికి ఒక స్ప్రింగో స్క్రూనో కావలసి వచ్చినప్పుడు కూడా మొదట చెయ్యి పోయేది ఆ డబ్బాలోకే.